సాంబ మసూరిలో ఒక స్విచ్ మార్చడం: క్రిస్పర్ ప్రాజెక్టు డైరీ

లక్ష్యం

రకం: బీపీటీ 5204, అందరూ పిలిచే పేరు సాంబ మసూరి. బాపట్ల నుంచి 1986లో విడుదలైంది. అన్నం నాణ్యతలోనూ ధరలోనూ దీనికి గిరాకీ తగ్గలేదు. కానీ బ్యాక్టీరియా ఎండాకు తెగులు వస్తే తట్టుకోలేదు.

తెగులు పనిచేసే తీరు తెలిస్తేనే ఎక్కడ కత్తిరించాలో తెలుస్తుంది. జాంథోమోనాస్ ఒరైజే అనే బ్యాక్టీరియా ఆకు నాళాల్లోకి చేరి, తన ప్రొటీన్లను వరి కణంలోకి ఎక్కిస్తుంది. వీటిని టాల్ ప్రొటీన్లు అంటారు. వాటిలో ఒకటైన పీటీహెచ్‌ఎక్స్‌ఓ1 కణ కేంద్రకంలోకి వెళ్లి, స్వీట్11 జన్యువు ముందున్న ప్రమోటర్‌లో, అంటే జన్యువును నడిపే స్విచ్‌లో, ఒక చిన్న డీఎన్‌ఏ వరసను గుర్తుపట్టి అక్కడ అతుక్కుంటుంది. దాంతో స్వీట్11 విపరీతంగా పనిచేయడం మొదలుపెడుతుంది. స్వీట్11 పని చక్కెరను కణం బయటికి పంపడం. ఆ చక్కెరే బ్యాక్టీరియాకు మేత.

కాబట్టి డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఆ అతుక్కునే చోటును చెడగొడితే చాలు, జన్యువు జోలికి పోనక్కర్లేదు. పోకూడదు కూడా. పుప్పొడి తయారీకీ గింజ పాలు పోసుకోవడానికీ మొక్కకు స్వీట్11 కావాలి. జన్యువునే పాడుచేస్తే తెగులు ఆగుతుంది, కంకి నిండా తాలు మిగులుతుంది. ఈ ప్రాజెక్టులో ప్రతి నిర్ణయం ఈ ఒక్క షరతు మీదే ఆధారపడింది: స్విచ్‌ను మార్చాలి, బల్బును వదిలేయాలి.

ప్రకృతి ఈ పని ఎప్పుడో చేసింది. ఎక్స్‌ఏ13 అనే నిరోధక జన్యువు నిజానికి ఇదే స్వీట్11కు ప్రమోటర్ మారిన రూపం. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి మార్కర్ల సాయంతో ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ21 మూడింటినీ సాంబ మసూరిలోకి తెచ్చాయి. ఆ ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. మరి ఎడిటింగ్ దేనికి? సంకరం చేసినప్పుడు కావలసిన జన్యువుకు ఆనుకుని ఉన్న వేరే ముక్కలు కూడా వెంట వస్తాయి. వాటిని వదిలించుకోవడానికి తరాల తరబడి తిరిగి సంకరం చేయాలి. ఎడిటింగ్‌లో ఆ ముక్కల సమస్యే లేదు, పైగా రెండు మూడు ప్రమోటర్లను ఒకేసారి మార్చే వీలుంది.

గైడ్ ఎంపిక

క్రిస్పర్‌లో క్యాస్9 అనే ఎంజైమే కత్తెర, దాన్ని సరైన చోటికి తీసుకెళ్లే చిన్న ఆర్‌ఎన్‌ఏ వరసే గైడ్. మొదటి పని కంప్యూటర్ మీద కాదు, డీఎన్‌ఏ ముక్కకు కాపీలు తీసే పీసీఆర్ మిషన్ మీద. డేటాబేస్‌లలో ఎక్కువగా వాడే వరి జీనోమ్ నిప్పన్‌బరే రకానిది, అది జపానికా అనే వరి తెగ. మనది ఇండికా తెగ. ప్రమోటర్లలో తేడాలు ఎక్కువ. అందుకే మన దగ్గరున్న విత్తనం నుంచే డీఎన్‌ఏ తీసి, ఆ ప్రమోటర్‌ను రెండు వైపుల నుంచీ సాంగర్ పద్ధతిలో చదివించాలి. గైడ్‌లోని 20 అక్షరాల్లో చివరి పది పన్నెండులో ఒక్కటి తేడా ఉన్నా క్యాస్9 కోత బాగా తగ్గిపోతుంది. డీఎన్‌ఏలో గైడ్ పక్కనే ఉండాల్సిన ఎన్‌జీజీ గుర్తులోని (ఎన్ అంటే ఏ అక్షరమైనా) ఒక జీ మారితే ఆ గైడ్ పనికిరానట్టే.

క్యాస్9 కోత ఎన్‌జీజీకి మూడు అక్షరాల ముందు పడుతుంది. ఆ బిందువు టాల్ ప్రొటీన్ అతుక్కునే వరస లోపలే పడాలి. వరస మొదటి సగంలో పడితే మరీ మేలు, ఎందుకంటే టాల్ ప్రొటీన్లు మొదటి అక్షరాల దగ్గర పొరపాట్లను తక్కువగా సహిస్తాయి. చివర్లో ఒక అక్షరం మారినా అది అతుక్కునే ప్రమాదం ఉంది. ప్రమోటర్‌లో ఎన్‌జీజీలు మనకు కావలసిన చోట దొరకవు. ఒకటో రెండో గైడ్లతో సర్దుకోవాలి.

మిగతా వడపోతలు: జీసీ శాతం 40 నుంచి 60 మధ్య, వరసగా నాలుగు టీలు ఉండకూడదు, ఎందుకంటే గైడ్‌ను తయారుచేసే పాలిమరేజ్ అక్కడే ఆగిపోతుంది. ఆఫ్-టార్గెట్ల కోసం, అంటే పొరపాటున కోత పడే చోట్ల కోసం, క్రిస్పర్-పీ, క్యాస్-ఆఫ్‌ఫైండర్ టూళ్లు రెండూ చూడాలి. ఇండికా జీనోమ్‌తోనూ ఒకసారి పోల్చాలి. మూడు తేడాల లోపు ఉన్న చోట్ల జాబితా దాచిపెట్టుకోవాలి, తర్వాత అవే పరీక్షించాలి.

వెక్టర్

గైడ్‌నూ క్యాస్9నూ మొక్కలోకి మోసుకెళ్లే గుండ్రటి డీఎన్‌ఏ (ప్లాస్మిడ్) వెక్టర్. పీఆర్‌జీఈబీ32 వాడుతున్నాం. ఇందులో గైడ్‌ను వరి యూ3 ప్రమోటర్, క్యాస్9ను వరి యుబిక్విటిన్ ప్రమోటర్ నడుపుతాయి. వెక్టర్ చేరని కణాలను చంపి ఎంపిక చేయడానికి మొక్కలో హైగ్రోమైసిన్, బ్యాక్టీరియాలో కనమైసిన్.

గైడ్ వరసకు ముందువైపు ఆలిగోకు (చిన్న డీఎన్‌ఏ పోగు) జీజీసీఏ, వెనకవైపు దానికి ఏఏఏసీ తోకలు కలిపి ఆర్డర్ చేయాలి. రెండూ 100 మైక్రోమోలార్‌లో ఒక్కో మైక్రోలీటర్ తీసుకుని, పీఎన్‌కే ఎంజైముతో 37 డిగ్రీల దగ్గర అరగంట, 95 దగ్గర ఐదు నిమిషాలు, ఆ తర్వాత నిమిషానికి ఐదు డిగ్రీల చొప్పున 25 దాకా దించాలి. దీన్ని 200 రెట్లు పలుచన చేశాకే లైగేషన్‌కు, అంటే వెక్టర్‌లో అతికించడానికి, వాడాలి. పలుచన చేయకుండా వేస్తే ఒకే చోట ఆలిగోలు ఎక్కువైపోయి లైగేషన్ పాడవుతుంది. కోసే బీఎస్‌ఏ1, అతికించే టీ4 లైగేజ్ రెండూ ఒకే ట్యూబులో, 37 దగ్గర ఐదు నిమిషాలు, 16 దగ్గర ఐదు నిమిషాలు, ఇలా 30 సార్లు.

ఇంత పెద్ద ప్లాస్మిడ్‌లో మినీప్రెప్ దిగుబడి తక్కువే, దానికి కంగారుపడక్కర్లేదు. భయపడాల్సింది వేరే ఉంది: డీఎన్‌ఏను మొక్కలోకి చేర్చే అగ్రోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియాలోకి వెళ్లాక కొన్నిసార్లు ముక్కలు అటూ ఇటూ అవుతాయి. ఈహెచ్‌ఏ105 అనే అగ్రోబ్యాక్టీరియం రకంలోకి ఎక్కించాక, అందులోంచి ప్లాస్మిడ్‌ను మళ్లీ తీసి, ఇ.కోలైలోకి వేసి, రెస్ట్రిక్షన్ డైజెషన్ పోల్చాకే గ్లిజరాల్ స్టాక్ పెట్టాలి. ఈ ఒక్క మెట్టు దాటవేస్తే తర్వాత నెలల కల్చర్ మొత్తం వృథా అవ్వొచ్చు.

క్యాలస్: అసలు కష్టం ఇక్కడ

క్యాలస్ అంటే ఏ అవయవంగానూ మారని కణాల ముద్ద. డీఎన్‌ఏ కోయడం ఇప్పుడు ఎవరికైనా సాధ్యమే. ఒక ఇండికా రకం కణం నుంచి మళ్లీ మొక్కను లేపడమే ఈ ప్రాజెక్టులో సగం పని. జపానికాకు రాసిన ప్రోటోకాల్‌ను సాంబ మసూరికి యథాతథంగా వాడితే ఫలితం చాలా తక్కువ.

పాత విత్తనం వద్దు. ఆ సీజన్‌లో కోసి, ఆరబెట్టి, నిద్రావస్థ తీరిన విత్తనం తీసుకోవాలి. పొట్టు చేత్తోనే తీయాలి. మిల్లు మిషన్‌లో వేస్తే అంకురం పగిలిపోతుంది, క్యాలస్ వచ్చేది ఆ అంకురంలోని స్కుటెల్లం నుంచే. 70 శాతం ఆల్కహాల్‌లో ఒక నిమిషం, తర్వాత సోడియం హైపోక్లోరైట్‌లో కుదుపుతూ 20 నిమిషాలు, స్టెరైల్ నీటితో ఐదుసార్లు కడగాలి. పొలం నుంచి వచ్చిన విత్తనంలో బూజు లోపల కూడా ఉంటుంది. అందుకే ఒక ప్లేటులో ఇరవై గింజలకు మించి పెట్టకూడదు. ఒక్క గింజ చెడినా ప్లేటు మొత్తం పోతుంది.

మాధ్యమం: ఎంఎస్ లవణాలు, 2,4-డి లీటరుకు 2.5 మిల్లీగ్రాములు, ప్రోలిన్ 500 మిల్లీగ్రాములు, కేసీన్ హైడ్రోలైసేట్ 300 మిల్లీగ్రాములు, మాల్టోజ్ 30 గ్రాములు, ఫైటజెల్ 4 గ్రాములు, పీహెచ్ 5.8. చీకట్లో 27 డిగ్రీల దగ్గర మూడు వారాలు.

మూడు వారాల తర్వాత ఏది ఉంచాలి, ఏది పారేయాలి అనేదే నైపుణ్యం. కింద నుంచి వెలుతురు పెట్టి స్టీరియో మైక్రోస్కోప్‌లో చూస్తే మంచి క్యాలస్ లేత పసుపు రంగులో, పొడిగా, ఆవగింజంత గుండ్రటి బుడిపెల గుత్తిలా కనిపిస్తుంది. ఫోర్సెప్స్‌తో తాకితే ఆ బుడిపె విడిగా ఊడి వస్తుంది. చెడ్డది తెల్లగా, నీరు పట్టినట్టు ఉండి ఫోర్సెప్స్‌కు అంటుకుని సాగుతుంది. అందులోంచి మొక్క రాదు. అలాంటివి వేగంగా పెరుగుతాయి కాబట్టి పరిమాణం చూసి మోసపోయే అవకాశం ఎక్కువ. ఎదుగుదలను కాదు, బుడిపెను చూడాలి. గోధుమరంగు తిరుగుతున్న వాటిని వెంటనే తీసేయాలి, వాటి నుంచి కారే ఫీనాల్స్ పక్కవాటినీ నల్లబరుస్తాయి.

ఎంచుకున్న బుడిపెలను ఇన్ఫెక్షన్‌కు నాలుగైదు రోజుల ముందు తాజా మాధ్యమానికి మార్చాలి. వేగంగా విభజన చెందుతున్న కణాలనే అగ్రోబ్యాక్టీరియం సులువుగా అంటుకుంటుంది.

అగ్రోబ్యాక్టీరియం, ఎంపిక, పునరుత్పత్తి

అగ్రోబ్యాక్టీరియం ద్రావణం ఓడీ (బ్యాక్టీరియా సాంద్రత కొలత) 0.2 దగ్గర, అసిటోసిరింగోన్ 150 మైక్రోమోలార్. 20 నిమిషాలు మునిగి ఉంచి, స్టెరైల్ ఫిల్టర్ పేపర్ మీద తడి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత 25 డిగ్రీల దగ్గర, చీకట్లో, మాధ్యమం మీద ఫిల్టర్ పేపర్ వేసి మూడు రోజులు.

ఉష్ణోగ్రత విషయంలో రాజీ లేదు. 28 దాటితే డీఎన్‌ఏను మొక్కలోకి ఎక్కించే అగ్రోబ్యాక్టీరియం యంత్రాంగం సరిగా నిలబడదు. బ్యాక్టీరియా మాత్రం బాగానే పెరుగుతూ కనిపిస్తుంది. హైదరాబాద్ ఎండాకాలంలో కరెంటు పోయి ఏసీ ఆగితే ఇంక్యుబేటర్ లోపలి థర్మామీటరే నిజం చెబుతుంది, గది డిస్‌ప్లే కాదు. మే నెలలో ఇన్ఫెక్షన్ పెట్టుకోకుండా వానాకాలం దాకా ఆగడం మంచిది.

కడగడానికి సెఫోటాక్సిమ్ లీటరుకు 250 మిల్లీగ్రాములు కలిపిన నీరు. నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. తర్వాత హైగ్రోమైసిన్ 50 మిల్లీగ్రాములతో రెండు వారాల చొప్పున మూడు విడతలు. మొదటి విడతలో దాదాపు అంతా గోధుమరంగులోకి తిరుగుతుంది, అది మామూలే. చచ్చిన ముద్ద అంచు నుంచి కొత్తగా మొలిచే లేత పసుపు బుడిపెలే కావలసినవి. ఒక్కో బుడిపెకు ఒక్కో నంబరు ఇవ్వాలి. ఒకే తల్లి క్యాలస్ నుంచి వచ్చిన రెండు మొక్కలను రెండు స్వతంత్ర ఎడిట్లుగా లెక్కేస్తే తర్వాత లెక్కలన్నీ తప్పుతాయి.

విడతలు పెంచితే తప్పించుకు వచ్చేవి తగ్గుతాయనే ఆశ ఉంటుంది. కానీ క్యాలస్ ఎంత ఎక్కువ కాలం కల్చర్‌లో ఉంటే అంత ఎక్కువగా జన్యు మార్పులు పేరుకుంటాయి. వరిలో మొత్తం జీనోమ్ చదివి చూసిన అధ్యయనాల్లో క్యాస్9 ఆఫ్-టార్గెట్ల కంటే టిష్యూ కల్చర్ వల్ల వచ్చిన మార్పులే ఎక్కువ కనిపించాయి. జనం భయపడే కత్తెర కంటే గాజు ప్లేటే పెద్ద ప్రమాదం.

పునరుత్పత్తికి ముందు ఆ బుడిపెలను ఖాళీ ప్లేటులో పొడి ఫిల్టర్ పేపర్ మీద ఒకట్రెండు రోజులు ఉంచి కొంచెం వాడేలా చేయాలి. ఇండికాలో ఈ చిన్న పనికి బాగా ఫలితం ఉంటుంది. ఆ తర్వాత బీఏపీ 3, ఎన్‌ఏఏ 0.5 మిల్లీగ్రాములతో, ఫైటజెల్ కొంచెం ఎక్కువ వేసి గట్టిగా చేసిన మాధ్యమం. మొదటి వారం చీకటి, ఆపైన రోజుకు 16 గంటల వెలుతురు. పచ్చని చుక్కలు వచ్చాకే ఆకు వస్తుంది. తెల్లటి ఆల్బినో మొక్కలు కొన్ని తప్పవు.

వేళ్ల కోసం సగం బలం ఎంఎస్, హైగ్రోమైసిన్ 30. హైగ్రోమైసిన్ ఉండగా వేళ్లు దిగని మొక్కను అక్కడే ఆపేయాలి. కుండీలోకి మార్చే ముందు ఒక వారం యోషిడా ద్రావణంలో, మూత కొంచెం కొంచెంగా తెరుస్తూ అలవాటు చేయాలి.

టీ0: క్రోమాటోగ్రామ్ చదవడం

టీ0 అంటే క్యాలస్ నుంచి నేరుగా లేచిన మొక్క, టీ1 అంటే దాని విత్తనం నుంచి వచ్చే తరం. ఆకు నుంచి డీఎన్‌ఏ తీసి, కోత చోటు మధ్యలో వచ్చేలా 500 అక్షరాల ముక్కను పీసీఆర్ చేసి సాంగర్‌కు పంపాలి. బ్యాండ్ పలుచగా వస్తే 5 శాతం డీఎంఎస్‌ఓ కలిపి చూడాలి.

ఫలితం, అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో శిఖరం ఉండే క్రోమాటోగ్రామ్, తెరిచినప్పుడు మొదట చూడాల్సింది శిఖరాలు విడిపోయిన చోటు. కోత బిందువు దాకా ఒక్కో శిఖరం స్పష్టంగా నడిచి, ఎన్‌జీజీకి మూడు అక్షరాల ముందు నుంచి జంట శిఖరాలు మొదలైతే ఎడిట్ పడినట్టు. రెండు సమాన ఎత్తులో ఉంటే రెండు క్రోమోజోములూ వేర్వేరుగా ఉన్నాయి. మూడో చిన్న శిఖరం నీడలా కింద కనిపిస్తే కైమీరా అనుకోవాలి. అలాంటి మొక్కలో ఒక పిలకకు ఉన్న మార్పు మరో పిలకకు ఉండకపోవచ్చు. పిలకల వారీగా మళ్లీ చదవాలి. జంట శిఖరాలు ప్రైమర్ దగ్గర నుంచే ఉంటే అది ఎడిట్ కాదు, పీసీఆర్ శుభ్రంగా లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ఈ నిరోధం అంతర్గత (రిసెసివ్) లక్షణం. ఒక క్రోమోజోములో పాత ప్రమోటర్ మిగిలినా బ్యాక్టీరియాకు ఆ ఒక్క స్విచ్ చాలు. కాబట్టి టీ0లో ఒక వైపు మాత్రమే ఎడిటయిన మొక్కకు తెగులు పెట్టి చూసి, పనిచేయలేదని తీర్మానించకూడదు.

టీ1: కత్తెరను బయటికి పంపడం

టీ0 మొక్కలో ఎడిట్‌తో పాటు క్యాస్9, హైగ్రోమైసిన్ జన్యువులు కూడా ఉంటాయి. అందువల్ల చట్టం దృష్టిలో అది ఇంకా జన్యుమార్పిడి మొక్కే. కంటైన్‌మెంట్ గ్రీన్‌హౌస్ దాటకూడదు, కంకులకు సంచులు కట్టాలి. టీ1లో ఎడిట్ ఉండి, కత్తెర లేని మొక్క కావాలి.

క్యాస్9 ఒకే చోట చేరి ఉంటే టీ1లో నాలుగింట ఒక మొక్కకు అది ఉండదు. టీ0లో రెండు క్రోమోజోములూ ఎడిటయి ఉంటే అంతే చాలు: 11 మొక్కలు పరీక్షిస్తే కనీసం ఒకటి దొరికే అవకాశం 95 శాతం. టీ0లో ఒకవైపే ఎడిటయితే పదహారింట ఒకటి, అప్పుడు 47 మొక్కలు చూడాలి. క్యాస్9 రెండు చోట్ల చేరిన మొక్కకూ అదే లెక్క. కాబట్టి టీ0లోనే క్యాస్9 ఒకే కాపీ ఉన్న, రెండువైపులా ఎడిటయిన మొక్కలను ఎంచుకుంటే పని నాలుగో వంతుకు తగ్గుతుంది.

‘బ్యాండ్ రాలేదు, కాబట్టి క్యాస్9 లేదు’ అనేది రుజువు కాదు. డీఎన్‌ఏ చెడితే కూడా బ్యాండ్ రాదు. ప్రతి నమూనాకు, ఏ వరి మొక్కలోనైనా ఉండే యాక్టిన్ జన్యువు పీసీఆర్ పక్కనే ఉండాలి. క్యాస్9కు రెండు చివర్లలో రెండు ప్రైమర్ జతలు, హైగ్రోమైసిన్‌కు ఒకటి, గైడ్ భాగానికి ఒకటి. వీటితో పాటు చాలామంది వదిలేసేది, వెక్టర్‌లో మొక్కలోకి వెళ్లకూడని భాగమైన బ్యాక్‌బోన్‌లోని కనమైసిన్ జన్యువుకు ఒకటి. అగ్రోబ్యాక్టీరియం హద్దు దగ్గర ఆగకుండా బ్యాక్‌బోన్‌ను కూడా మొక్కలోకి ఎక్కించడం అరుదు కాదు. పరీక్ష ఎంత సున్నితమో తెలియడానికి పాజిటివ్ డీఎన్‌ఏను మామూలు డీఎన్‌ఏలో పది, వంద, వెయ్యి రెట్లు కలిపి నడపాలి. చివరికి ఎంచుకున్న రెండు మూడు లైన్లకు మొత్తం జీనోమ్ చదివించి, ఆ రీడ్లను వెక్టర్ వరసతో పోల్చాలి. గైడ్ ఎంపికప్పుడు దాచిన ఆఫ్-టార్గెట్ జాబితా ఇప్పుడు అక్కరకొస్తుంది.

వైద్యానికీ వ్యవసాయానికీ తేడా సరిగ్గా ఈ మెట్టు దగ్గరే ఉంది. సికిల్‌సెల్‌కు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ చికిత్స మన పని లాంటిదే: పిండదశ హిమోగ్లోబిన్‌ను ఆపే బీసీఎల్11ఏ జన్యువును ముట్టుకోదు, ఎర్ర రక్తకణాల వరసలో దాన్ని నడిపే ఎన్‌హాన్సర్ అనే స్విచ్‌ను మాత్రమే కోస్తుంది. దాంతో పిండదశ హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. జన్యువు మొత్తాన్ని పాడుచేస్తే ఇతర కణాలకు నష్టం కాబట్టే ఆ ఎంపిక. కానీ రోగి విషయంలో టీ1 అనేది లేదు, చెడ్డ మొక్కను పీకేసే వీలు లేదు. అందుకే అక్కడ క్యాస్9ను జన్యువుగా కాకుండా తయారైన ప్రొటీన్‌గా, గైడ్‌తో కలిపి, బయటికి తీసిన మూలకణాల్లోకి విద్యుత్ ఘాతంతో ఎక్కిస్తారు. పని ముగిశాక అది దానంతటదే విచ్ఛిన్నమవుతుంది. మొక్క కణానికి గట్టి గోడ ఉండటం వల్ల ఆ దారి వరిలో ఇంకా కష్టం. ఆ చికిత్సకు ముందు బుసుల్ఫాన్ అనే కీమో మందుతో పాత మజ్జను ఖాళీ చేయాలి, అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. సికిల్‌సెల్ మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఉంది. కత్తెర సిద్ధంగా ఉంటే సరిపోదు, దాన్ని చవకగా కణంలోకి చేర్చే పద్ధతి వస్తేనే ఈ విజ్ఞానం అక్కడి పిల్లలకు చేరుతుంది.

తెగులు పరీక్ష

పరీక్షకు పెట్టే ఐసోలేట్‌లో, అంటే తెగులు సోకిన మొక్క నుంచి వేరుచేసిన బ్యాక్టీరియాలో, పీటీహెచ్‌ఎక్స్‌ఓ1 ఉందో లేదో ముందే తేల్చుకోవాలి. లేని ఐసోలేట్‌తో పరీక్షిస్తే మంచి ఎడిట్ కూడా విఫలమైనట్టు కనిపిస్తుంది.

బ్యాక్టీరియాను 28 డిగ్రీల దగ్గర మూడు రోజులు పెంచి, స్టెరైల్ నీటిలో ఓడీ 1 వచ్చేలా కలిపి, వెంటనే వాడాలి. దుబ్బు బాగా కట్టిన దశలో, పూర్తిగా విచ్చుకున్న ఆకుల కొనను కత్తెర ద్రావణంలో ముంచి రెండు సెంటీమీటర్ల మేర కత్తిరించాలి. ప్రతి మొక్కకూ ఐదు ఆకులు. 14వ రోజున మచ్చ పొడవు సెంటీమీటర్లలో కొలవాలి. పక్కన మూడు పోలికలు తప్పనిసరి: తెగులు సులువుగా సోకే టీఎన్1 రకం, మామూలు సాంబ మసూరి, ఇంప్రూవ్డ్ సాంబ మసూరి. గాలి పొడిగా ఉంటే టీఎన్1లో కూడా మచ్చ సాగదు. అలా జరిగితే ఆ పరీక్షే చెల్లదు, మళ్లీ చేయాలి.

అదే మొక్కల్లో అయోడిన్‌తో పుప్పొడి రంగు చూడాలి. నల్లగా, గుండ్రంగా ఉంటే పిండిపదార్థం నిండినట్టు. రంగు పట్టని, ముడుచుకున్న రేణువులు మామూలు సాంబ మసూరి కంటే ఎక్కువ ఉంటే ప్రమోటర్‌లో మరీ పెద్ద ముక్క పోయిందని అర్థం. ఆ లైన్ ఎంత నిరోధం చూపినా పక్కన పెట్టాలి. తాలు శాతం, వెయ్యి గింజల బరువు, పంటకాలం కూడా నమోదు చేయాలి. ఇవి సాంబ మసూరివి కాకపోతే రైతుకు ఆ నిరోధంతో పనిలేదు.

అనుమతులు

పర్యావరణ శాఖ 2022 మార్చి 30న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, బయటి డీఎన్‌ఏ మిగలని ఎస్‌డీఎన్-1 (కోతను కణమే అతికించుకోవడంతో వచ్చే మార్పు), ఎస్‌డీఎన్-2 (చిన్న నమూనా డీఎన్‌ఏ సాయంతో వచ్చే మార్పు) మొక్కలకు 1989 నిబంధనల్లోని 7 నుంచి 11 వరకు మినహాయింపు ఉంది. అదే ఏడాది మే నెలలో బయోటెక్నాలజీ విభాగం మార్గదర్శకాలు వచ్చాయి. మన పని ఎస్‌డీఎన్-1 కిందికి వస్తుంది. మినహాయింపు దానంతటదే రాదు, బయటి డీఎన్‌ఏ లేదనే రుజువులు సంస్థాగత బయోసేఫ్టీ కమిటీ ముందు పెట్టాలి. పైన చెప్పిన పీసీఆర్ జెల్లు, కంట్రోళ్లు, జీనోమ్ రీడ్లు అన్నీ ఆ ఫైలు కోసమే. ఈ దారిలో 2025 మే 4న రెండు వరి రకాలను ప్రకటించారు: సీకేఎక్స్2 జన్యువును మార్చి సాంబ మసూరి నుంచి తయారుచేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే కమల; మన కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) నుంచి తయారుచేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1. పరిశోధనకు అనుమతి ఒకటి, క్యాస్9 పేటెంట్ లైసెన్సు మరొకటి. విత్తనం అమ్మకం దాకా వెళ్లాలంటే రెండోది మొదటి నుంచే చూసుకోవాలి.

తర్వాతి పని

ఒక్క స్వీట్11తో ఆగితే సరిపోదు. ఏవీఆర్‌ఎక్స్‌ఏ7 అనే మరో టాల్ ప్రొటీన్ ఉన్న బ్యాక్టీరియా స్వీట్14ను, పీటీహెచ్‌ఎక్స్‌ఓ2 ఉన్నది స్వీట్13ను లేపుతుంది. ఒక తలుపు మూస్తే పక్క తలుపు తట్టే జాతులు పొలంలో ఉంటాయి. రెండో వెక్టర్‌లో మూడు ప్రమోటర్లకూ గైడ్లను టీఆర్‌ఎన్‌ఏల (కణంలో సహజంగా ఉండే చిన్న ఆర్‌ఎన్‌ఏలు) మధ్య గుచ్చి ఒకే వరసగా పెడుతున్నాం. కణం తన ఎంజైములతో టీఆర్‌ఎన్‌ఏలను కత్తిరించినప్పుడు గైడ్లు విడివిడిగా వస్తాయి. ఇందులో టీఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఒకేలా ఉండటం వల్ల ఇ.కోలైలో అవి ఒకదానితో ఒకటి కలిసి మధ్య గైడ్ ఊడిపోయే ప్రమాదం ఉంది. అందుకే క్లోన్లను 37 బదులు 30 డిగ్రీల దగ్గర పెంచి, ప్రతి ప్లాస్మిడ్‌లో మూడు గైడ్లనూ మొదటి నుంచి చివరిదాకా చదివించాకే అగ్రోబ్యాక్టీరియంలోకి పంపుతున్నాం.